వెన్నుపాము పాఠం చెప్పాల్సిన రోజు

రెబెకా కుడిచెయ్యి చుట్టచుట్టిన చార్టుల వెనక్కి వెళ్ళింది. వెళ్ళిన చెయ్యి దానంతట అదే చివాల్న వెనక్కి వచ్చేసింది. ఎందుకు వచ్చేసిందో ఆమెకి ముందు తెలియలేదు. చూపుడువేలి మొదట్లో మంట పుట్టాక, మూల నుంచి బుస వినిపించాక తెలిసింది.

"బిందూ, బయటికి నడు. పరిగెత్తకు."

గుమ్మంలో నిలబడ్డ హిమబిందు కదల్లేదు. గోడకి చేరేసిన చార్టులు ఒక పక్కకి జారాయి. వాటి వెనక, ఎలుకలు కొరికేసిన పాత పరీక్ష పేపర్ల కుప్ప మీద తాచుపాము పడగ విప్పుకుని ఉంది. రెబెకా దాని వైపే చూస్తూ ఒక్కో అడుగూ వెనక్కి వేసింది. గడప దాటాక తలుపు లాగి గొళ్ళెం పెట్టింది. అప్పుడు చెయ్యి చూసుకుంది. రెండు గాట్లు. ఒకదాన్నుంచి నెత్తురు సన్నగా కారి మణికట్టు దాకా వచ్చింది.

అది రెండువేల ఒకటో సంవత్సరం, నవంబరు నెల. కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక చిన్న ఊళ్ళో హైస్కూలు. రెబెకా అక్కడ పదకొండేళ్ళుగా సైన్సు చెబుతోంది. భర్త జేమ్స్ అవనిగడ్డలో ఒక ఆఫీసులో గుమస్తా. ఆమె రోజూ పొద్దున్నే అవనిగడ్డలో బస్సెక్కి వచ్చి, సాయంత్రం బస్సుకి తిరిగి వెళ్తుంది.

ముందు రోజే పదో తరగతికి నాడీవ్యవస్థ పాఠం మొదలుపెట్టింది. వేడి గిన్నె తగిలితే చెయ్యి ఎలా లాగేసుకుంటామో చెప్పింది. "మెదడుకి కబురు చేరేలోపే వెన్నుపాము పని పూర్తిచేసేస్తుంది. అందుకే ముందు చెయ్యి వెనక్కి వస్తుంది, తరువాత అబ్బా అంటాం" అంది. వెనక బెంచీలోంచి ఎవడో "వెన్నులో పాముందా టీచర్?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. రేపు చార్టు తెచ్చి చూపిస్తానని ఆమె కూడా నవ్వింది. ఆ చార్టు కోసమే ఇప్పుడు క్లాసు లీడరు హిమబిందుని వెంటబెట్టుకుని స్టోరు రూముకి వచ్చింది.

హిమబిందు అరిచిన అరుపుకి హెడ్మాస్టరు పూర్ణచంద్రరావు గారు కళ్ళజోడు చేత్తో పట్టుకుని బయటికొచ్చారు. అటెండరు కాంతారావు పరిగెత్తుకొచ్చి తన తువ్వాలు చింపి రెబెకా మోచేతి పైన కట్టాడు.

"పక్కూళ్ళో మంత్రం వేసే ఆయనున్నాడండీ. సైకిలు మీద పావుగంట. మా తోడల్లుణ్ణి ఆయనే లేపాడు" అన్నాడు కాంతారావు.

పూర్ణచంద్రరావు గారు అటూ ఇటూ చూశారు. "అవనిగడ్డ వెళ్ళాలంటే బస్సు ఇంకో గంటకి గానీ లేదు. ముందు మంత్రం వేయించి, ఆ తరువాత..."

"సార్." రెబెకా అరుగు మీద కూర్చుంది. "నేను మాట్లాడగలిగినంత సేపే నా మాట చెల్లుతుంది. ఆ తరువాత మీరేం చేస్తే అదే. అందుకే ఇప్పుడే చెప్తున్నాను. నన్ను డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళండి."

ఆయన ముఖం పాలిపోయింది. గబగబా రోడ్డు మీదకి నడిచారు. రొయ్యల పెట్టెలతో వెళ్తున్న ట్రాలీ ఆటోకి అడ్డంగా నిలబడి రెండు చేతులూ ఎత్తారు. విషయం తెలిసి డ్రైవరు పెట్టెలన్నీ రోడ్డు పక్కన దింపేశాడు. ఆ రోజు స్కూల్లో వేరే లేడీ టీచరు లేకపోవడంతో హిమబిందుని కూడా ఎక్కమన్నారు. అవనిగడ్డలో జేమ్స్ ఆఫీసుకి ఫోన్ చెయ్యమని కాంతారావుకి చెప్పి ఆయన వెనక ఎక్కారు.

కాలవగట్టు రోడ్డు మీద ఆటో ఎగిరెగిరి పడుతోంది. చేప నీచు వాసన. చెయ్యి వాచి బరువెక్కుతోంది గానీ రెబెకా చెయ్యి గురించి ఆలోచించడం లేదు. తరువాత ఏం జరుగుతుందో ఆమె ఒకప్పుడు చదివింది. తాచు విషం ముందు రెప్పల మీద పడుతుంది. తరువాత నాలుక, గొంతు, మెడ. ఆఖరికి ఊపిరి. చదువుకున్నందుకు మామూలుగా మనిషికి ధైర్యం రావాలి. ఆమెకి మాత్రం ఒక్కో మెట్టూ ముందుగానే కనిపిస్తోంది.

కోడూరు దాటుతుండగా ఎదురుగా వస్తున్న లారీ రెండు లారీలైంది. రెబెకా తల విదిలించింది. రెండూ అలాగే ఉన్నాయి. కాసేపటికి పైనుంచి ఏదో తెర దిగినట్టు వెలుతురు సగమైంది.

"టీచర్, నిద్రపోకండి!" హిమబిందు ఆమె భుజం కుదిపింది.

"నిద్ర కాదే. రెప్పలు లేవడం లేదు." ఎడంచేత్తో కుడికంటి రెప్పని పైకెత్తి పట్టుకుంది. గట్టు మీద గడ్డిమోపు ఎత్తుకుని వెళ్తున్న ఆడమనిషి కనిపించింది. చెయ్యి తీసేస్తే మళ్ళీ చీకటి.

నాలుక నోట్లో దళసరెక్కింది. ఉమ్మి మింగుడు పడక పెదవి చివర నుంచి కారుతోంది. పిల్ల తన ఓణీతో తుడుస్తోంది. రెబెకాకి సిగ్గేసింది. ఆ వెంటనే, మాట్లాడటానికి ఇంక కొద్ది నిమిషాలే మిగిలున్నాయని తెలిసింది.

"బిందూ... విను. నేను... మాట్లాల్లేను. కల్లు తెలవలేను. కానీ వినిపిత్తుంది." మాట ముద్దముద్దగా వస్తోంది. "అందలికీ చెప్పు. మా టీచల్‌కి వినిపిత్తుందని చెప్పు."

"చెప్తాను టీచర్. చెప్తాను."

"ఒట్టు?"

"ఒట్టు టీచర్." హిమబిందు ఏడుస్తోంది. టీచర్ తల మెడ మీద నిలవక పక్కకి వాలిపోతుంటే ఒళ్ళోకి తీసుకుంది.

అవనిగడ్డ బస్టాండు వెనక సందులో డాక్టర్ ఇందిర గారి ఆసుపత్రి. పది మంచాల చిన్న ఆసుపత్రి. ఆటో ఆగీ ఆగగానే నలుగురు కలిసి రెబెకాని లోపలికి మోసుకెళ్ళారు. ఆ చేతులన్నీ ఆమెకి తెలుస్తూనే ఉన్నాయి. ఒకరి గోరు నడుం దగ్గర గీసుకుంది. మెడ కింద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. తల వెనక్కి వేలాడుతూ తలుపుకి కొట్టుకుంది. అబ్బా అనాలనుకుంది. గొంతులో చప్పుడే పుట్టలేదు.

"ఏ పాము? చూశారా?" ఆడగొంతు, తొందరగా.

"తాచండీ. నేను చూశాను" అంది హిమబిందు.

"ఎంతసేపైంది?"

"రెండో పీరియడ్ అండీ. పదీ ముప్పావు."

సూది గుచ్చారు. సెలైన్ సీసాలు చప్పుడయ్యాయి. విరుగుడు మందు ఎన్ని సీసాలు ఎక్కించాలో ఇందిర గారు నర్సుకి చెబుతున్నారు. ఆ నర్సు పేరు సీతామహాలక్ష్మి అని రెబెకాకి ఆ పిలుపుల్లోనే తెలిసింది. మందు రక్తంలోకి వెళ్తోంది, పని చేస్తుంది అనుకుంటుండగానే ఊపిరి చిన్నదైపోవడం మొదలైంది.

పీల్చాలనుకుంది. ఛాతీ కొంచెం లేచింది. మళ్ళీ పీల్చాలనుకుంది. అంతకంటే తక్కువ లేచింది. నీళ్ళలో ముంచిపెట్టినట్టుంది. మునిగినవాడికి కనీసం చేతులూ కాళ్ళూ కొట్టుకునే వీలుంటుంది. ఆమెకి అదీ లేదు. పీల్చు, పీల్చు, పీల్చు అని మెదడు లోపల కేకలు పెడుతుంటే, పక్కటెముకల మధ్య కండలు ఆ కేకలు ఎవరికో పెట్టినట్టు ఊరుకున్నాయి.

"రంగు మారుతోంది మేడమ్!"

నోరు తెరిచారు. చల్లటి ఇనుప పరికరమేదో నాలుకని నొక్కింది. గొంతులోకి గొట్టం దిగింది. ఆ నొప్పి అంతా తెలుస్తోంది. డోకు రావాలి, రాలేదు. దగ్గు రావాలి, రాలేదు. ఆమె ఒంట్లో ఒక్క కండ కూడా ఆ గొట్టానికి ఎదురు తిరగలేదు. తరువాత పుస్ మని ఒక చప్పుడు. ఛాతీ నిండా గాలి. అంతకు మించిన సుఖం ఆమె పుట్టాక ఎరగదు. ఆ గాలి బయటికి పోయింది. ఇంకొకటి వస్తుందా? పుస్. వచ్చింది.

"పెద్ద ఆసుపత్రుల్లో అయితే ఈ పనికి మెషీన్ ఉంటుంది. మా దగ్గర లేదు" ఇందిర గారు ఎవరితోనో అంటున్నారు. "ఈ స్థితిలో బందరు తీసుకెళ్ళడం మంచిది కాదు. ఈ రబ్బరు సంచీని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించాలి. ఎన్ని గంటలైనా సరే. ఆపకూడదు."

"నేను నొక్కుతానండీ." అది పూర్ణచంద్రరావు గారి గొంతు.

అప్పుడు ఇందిర గారు రెబెకా చెవి దగ్గరికి వంగారు. "రెబెకా గారూ, వినిపిస్తుంటే కుడికాలి బొటనవేలు కదపండి."

ఎక్కడో దూరంగా, తనది కాదన్నంత దూరంగా ఉన్న ఆ వేలికి రెబెకా కబురు పంపింది. ఉన్న బలమంతా పెట్టి పంపింది.

"కదిలింది!" హిమబిందు గట్టిగా అరిచింది. "చెప్పాను కదండీ! మా టీచర్‌కి వినిపిస్తుందని చెప్పాను కదండీ!"

జేమ్స్ ఒంటిగంట దాటాక వచ్చాడు. ఆ రోజు ఆఫీసు పని మీద గుడివాడ వెళ్ళాడు. ఫోన్ అక్కడికి చేరేసరికి ఆలస్యమైంది. అతని చెప్పుల చప్పుడు రెబెకా గుర్తుపట్టింది. మంచం దగ్గరికి వచ్చి ఆగిపోయింది ఆ చప్పుడు.

"చనిపోయిందా అండీ?" అన్నాడు జేమ్స్.

"లేదు" అన్నారు ఇందిర గారు. "మీ ఆవిడ మెదడు బాగానే ఉంది. నరాలూ బాగానే ఉన్నాయి. నరం చివరికీ కండకీ మధ్య సన్నటి ఖాళీ ఉంటుందండీ. నరం అక్కడ ఒక రసాయనం వదులుతుంది. కండ దాన్ని అందుకుని కదులుతుంది. తాచు విషం ఆ అందుకునే చోట్లన్నిట్లో ముందే వెళ్ళి కూర్చుంటుంది. ఇక్కణ్ణుంచి కబురు వెళ్తూనే ఉంది. అక్కడ అందుకోవడం లేదు. అంతే."

"మరి గుండె?"

"గుండె కొట్టుకోవడానికి ఈ కబురు అక్కర్లేదు. దానికి సొంత దరువుంది."

జేమ్స్ సంచీ అందుకున్నాడు. పూర్ణచంద్రరావు గారు నొక్కినప్పుడు గాలి నిదానంగా వచ్చేది. జేమ్స్ కంగారుగా నొక్కుతున్నాడు. ఒకటి పూర్తిగా బయటికి పోకముందే ఇంకొకటి. మెల్లగా అండీ, మెల్లగా, అని రెబెకా లోపల మొత్తుకుంది. ఒకసారి అతను కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి తీశాడు. గాలి రాలేదు. ఒక్క క్షణమే అయి ఉండాలి. ఆ క్షణంలో ఆమెకి తన బతుకంతా ఆ చేతిలో ఉందనీ, ఆ చెయ్యి జారితే గుక్క తిప్పుకోవడానికి తనకంటూ ఇంకో దారి లేదనీ తెలిసొచ్చింది. పుస్. మళ్ళీ వచ్చింది. ఆ తరువాత ప్రతి గుక్కకీ తరువాతి గుక్క కోసం భయపడుతూనే ఉంది.

రెండున్నరకి ఇందిర గారు మళ్ళీ అడిగారు. "వేలు కదపండి రెబెకా గారూ."

రెబెకా కదిపింది. కదిపానని అనుకుంది.

"ఏదండీ?" అన్నాడు జేమ్స్. "ఏదీ కదల్లేదు. రెబెకా! ఒక్కసారి కదుపు. ఒక్కసారి!"

ఆమె మళ్ళీ మళ్ళీ కబురు పంపింది. ఆ చివరి దారి కూడా మూసుకుపోయిందని గదిలో నిశ్శబ్దాన్ని బట్టి అర్థమైంది. ఎవరో రెప్ప ఎత్తి టార్చి వేశారు. తెల్లటి వెలుగు, దాని వెనక మసగ్గా డాక్టరు ముఖం. అప్పుడు ఆమె కనుగుడ్డు కూడా కదపలేకపోయింది. రెప్ప వదిలేశారు. చీకటి. ఇంక బయటివాళ్ళకి ఆమె నుంచి వెళ్ళే కబురు ఏదీ లేదు. ఒక గదిలో పెట్టి బయట గొళ్ళెం వేసి, లోపల ఎవరూ లేరనుకుని అందరూ వెళ్ళిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

మూడింటి వేళ జేమ్స్ పెదనాన్న దైవాధీనం గారు వచ్చారు. పెద్దమనిషి, మంచివాడు. సంఘంలో ఎవరింట్లో ఏం జరిగినా ముందు నిలబడేది ఆయనే. మంచం కాళ్ళ దగ్గర నిలబడి గొంతు తగ్గించి మాట్లాడారు. గొంతు తగ్గించినా ప్రతి అక్షరం రెబెకా చెవిలో పడింది.

"పాస్టరు గారికి కబురు పెట్టాను అబ్బాయ్. ఇంతసేపు ఉలుకూ పలుకూ లేదంటే మనం కూడా అర్థం చేసుకోవాలి. ఆ గాలి కొట్టడం ఎంతసేపని కొడతావు? నీ చేతులు చూడు, ఎలా వణుకుతున్నాయో."

"డాక్టరు గారు ఉందంటున్నారు పెదనాన్నా."

"వాళ్ళు అలాగే అంటారు. అవతల పొద్దు గుంకేలోపు చూసుకోవలసిన ఏర్పాట్లుంటాయి కదా."

సంచీ నొక్కే చెయ్యి నెమ్మదించింది. రెబెకాకి ఆ నెమ్మదించడం తెలిసింది. నేనున్నాను. నేనున్నాను ఇక్కడ. ఆపకండి. ఏవండీ, ఆపకండి. పెదవి కదల్లేదు, వేలు కదల్లేదు. ఆ భయం ఒళ్ళంతా పాకి, వెళ్ళడానికి చోటు లేక, చివరికి ఛాతీలోకి దూకింది. గుండె దబదబా కొట్టుకుంది.

మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్న సీతామహాలక్ష్మి ఉలిక్కిపడింది. "మేడమ్! మేడమ్, ఇటు రండి!"

ఇందిర గారు పరిగెత్తుకొచ్చారు. "ఏమైంది?"

"తొంభైలో ఉందండీ ఇప్పటిదాకా. ఈయన ఏర్పాట్లంటున్నారు, ఒక్కసారిగా నూట నలభైకి వెళ్ళిపోయింది."

ఇందిర గారు వాచీ చూసుకుంటూ తనే లెక్కపెట్టుకున్నారు. తరువాత దైవాధీనం గారి వైపు తిరిగారు. "మీరు కాస్త బయట కూర్చోండి బాబాయ్ గారూ. ఆవిడ వింటోంది. భయపడుతోంది."

"మీకెలా తెలుసమ్మా?"

"చెయ్యీ కాలూ కదిపే నరాలు వేరు, భయం పుట్టినప్పుడు గుండెని పరిగెత్తించే నరాలు వేరు. ఆ రెండోవాటి మీద మన పెత్తనం ఉండదు. అవి వాటంతట అవే పనిచేస్తాయి. ఈ విషం ఆ దారిని మూయలేదు. భయపడుతోందంటే మనిషి లోపల పూర్తిగా ఉన్నట్టే." ఆవిడ జేమ్స్ భుజం మీద చెయ్యి వేశారు. "నొక్కండి. ఆపొద్దు. నిదానంగా, మీ ఊపిరితో పాటు నొక్కండి."

దైవాధీనం గారు ముందుకొచ్చి, "అమ్మా రెబెకా, పెద్దవాణ్ణి, తెలియక అన్నాను. మనసులో పెట్టుకోకు" అని కళ్ళొత్తుకుంటూ బయటికి వెళ్ళారు.

హిమబిందు మంచం పక్కన నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని చెవి దగ్గర నోరు పెట్టింది. "టీచర్, మూడుంబావైంది. ఎనిమిది సీసాలు ఎక్కించారు. ఇంకా రెండున్నాయి. జేమ్స్ సార్ సంచీ నొక్కుతున్నారు. అలిసిపోతే హెడ్మాస్టరు గారు నొక్కుతారంట. తరువాత నేను. నర్సమ్మ గారు నేర్పారు. ఎవ్వరం ఆపం టీచర్."

సీతామహాలక్ష్మి వేళ్ళ కింద నాడి కొంచెం కొంచెంగా దిగింది. నూట ఇరవై. నూట పది. ఆ పిల్ల గొంతు బొంగురుపోయే దాకా చెబుతూనే ఉంది. ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారు, కిటికీ లోంచి ఏం కనిపిస్తోంది, అన్నీ. రెబెకాకి భయం పోలేదు. కానీ దాన్ని ఒంటరిగా మోయడం లేదు.

అయిదు దాటాక సంచీ జేమ్స్ చేతిలో ఉన్నప్పుడు అతను ఆగాడు. "డాక్టరు గారూ, ఇది... నేను నొక్కకముందే లాక్కున్నట్టైంది."

"చూడనివ్వండి." ఇందిర గారు సంచీ అందుకున్నారు. ఒక క్షణం ఆగారు. రెబెకా ఛాతీ ఆవగింజంత లేచింది. ఆవిడ మొహం మీద చెమట తుడుచుకున్నారు. "ఆవిడే పీల్చుకుంటోంది."

ఆరున్నరకి కుడి రెప్ప సగం తెరుచుకుంది. ట్యూబులైటు, దాని చుట్టూ పురుగులు, జేమ్స్ గడ్డం. రెబెకా కంటి చివర నుంచి నీళ్ళు చెవిలోకి జారాయి. మర్నాడు పొద్దున గొంతులో గొట్టం తీసేశారు. మాట రావడానికి ఇంకో పూట పట్టింది. మొదటి మాట "మంచినీళ్ళు". రెండో మాట "బిందు ఏదీ?"

ప్రాణం దక్కింది గానీ వేలు పూర్తిగా దక్కలేదు. కరిచిన చోట చర్మం నల్లబడి ఊడింది. చూపుడువేలు ఇంక వంగదన్నారు. నెల రోజుల తరువాత ఆమె స్కూలుకి వెళ్ళింది. బొటనవేలికీ నడిమి వేలికీ మధ్య సుద్దముక్క ఇరికించుకుని రాయడం నేర్చుకుంది. ఆగిపోయిన పాఠం మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. క్లాసులో ఎవరూ నవ్వలేదు. మెదడు నుంచి కండ దాకా కబురు ఎలా వెళ్తుందో చెబుతున్నప్పుడు, ఎక్కడ ఆగిపోతుందో చెబుతున్నప్పుడు, ఆమె కొన్నిసార్లు ఆగి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. అది పాఠంలో భాగమేమోనని కొందరు పిల్లలూ పీల్చుకున్నారు.

ఇంట్లో మాత్రం చెయ్యి ఆమె మాట వినడం మానేసింది. బియ్యం డబ్బాలోకి పోనివ్వబోతే మధ్యలోనే ఆగిపోయేది. హ్యాండ్ బ్యాగులో బస్సు పాసు తియ్యాలన్నా ముందు దాన్ని మంచం మీద బోర్లించాల్సిందే. పగలు కాసేపు కునుకు పట్టినా ఉలిక్కిపడి లేచి వేళ్ళు కదిపి చూసుకునేది. కదిలేవి. అయినా మళ్ళీ చూసుకునేది.

"విషం దిగిపోయింది కదా, ఇంకా ఎందుకే?" అనేవాడు జేమ్స్.

"నాకు తెలుసండీ. దానికి తెలియడం లేదు" అనేది చెయ్యి చూపించి.

మరుసటి ఏడు కోతల సమయంలో ఇందిర గారి దగ్గర్నుంచి సీతామహాలక్ష్మి వచ్చింది. కూలిపనికి వెళ్ళిన ఒకావిణ్ణి తాచు కరిచిందనీ, మాట పడిపోయి మనిషి బాగా బెదిరిపోయి ఉందనీ, మీరొచ్చి ఒకసారి మాట్లాడితే బాగుంటుందని మేడం గారు అన్నారనీ చెప్పింది. రెబెకా తల అడ్డంగా ఊపింది. "నా వల్ల కాదమ్మా" అని తలుపు వేసుకుంది. ఆ రోజంతా ఏమీ తినలేదు. ఆ మనిషి బతికిందని రెండు రోజుల తరువాత తెలిసింది గానీ, ఆ రెండు రోజులూ ఆమెకి తన చెవి దగ్గర ఎవరో పిలుస్తున్నట్టే ఉంది.

ఆ మరుసటి నెలలో ఇంకొక కబురు వచ్చింది. ఈసారి ఆదివారం, ప్రార్థన నుంచి వస్తుండగా. తాతమ్మ అని, అరవై దాటిన మనిషి, వరికుప్ప దగ్గర తాచు కరిచిందట. రెబెకా చీర కొంగు బిగించి పట్టుకుని, జేమ్స్ చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. అదే గది. అదే పుస్ మనే చప్పుడు. గుమ్మం దగ్గర ఆగింది. కాసేపు గోడకి ఆనుకుని నిలబడి, తరువాత లోపలికి వెళ్ళింది.

మంచం మీద తాతమ్మ కళ్ళు మూసుకుని ఉంది. సంచీ నొక్కుతున్నది ఆమె కొడుకు. పంచె మోకాళ్ళ దాకా బురద.

రెబెకా స్టూలు లాక్కుని కూర్చుని వంగింది. "అమ్మా, నా పేరు రెబెకా. నేను టీచర్ని. నన్ను కూడా తాచే కరిచింది. ఈ గదిలోనే పడుకున్నాను. నువ్వు ఎంత భయపడుతున్నావో నాకు తెలుసు. కదల్లేకపోతున్నావు కదా. అది నీ తప్పు కాదు. విరుగుడు ఎక్కుతోంది. టైము పడుతుంది. నీ కొడుకు నొక్కుతున్నాడు, ఆపడు."

కొడుకు కళ్ళు పెద్దవి చేసి చూశాడు. "వినిపిస్తుందంటారా అండీ?"

"వినిపిస్తుంది. మీరు కూడా మాట్లాడండి."

అతను సంచీ నొక్కుతూనే తల్లి మీదకి వంగాడు. "అమ్మా, కుప్ప మీద పట్టా కప్పించాను. గేదె పాలు పక్కింటావిడ పిండుతానంది. నువ్వు కంగారు పడమాక" అన్నాడు.

రెబెకా సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. తాతమ్మ మర్నాడు కళ్ళు తెరిచింది. ఆ తరువాత ఇందిర గారు ఎప్పుడు కబురు పెట్టినా రెబెకా వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ భయపడుతూనే వెళ్ళింది.